తాడు మీది ఆయాసం, లొట్టిలో నురుగు

చౌటుప్పల్ పక్క పల్లెలో మా నాయిన నలభై ఏండ్లు తాళ్లు గీసిండు. మోకు వేసుకొని సరసర ఎక్కి, లొట్టి దించుకొచ్చి చెట్టు మొదట్లో కూలబడేవాడు. "తొడలు మండుతున్నయ్ బిడ్డా, జర ఆగు" అనేవాడు. పక్కన కల్లు లొట్టి బుసబుస నురగలు కక్కుతుండేది. ఆ మంటకూ ఈ నురుగుకూ చుట్టరికం ఉందని డిగ్రీలో చదివాక తెలిసింది. ఇప్పుడు బడిలో ఆ పాఠం నేను చెబుతున్నాను, నాయిన తాడు దగ్గరే మొదలుపెట్టి.

తిన్న అన్నం గ్లూకోజ్ అయి కణంలోకి చేరగానే రెండు ముక్కలవుతుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు. కణానికి మిగిలేది రెండు ఏటీపీలు, అంటే ఖర్చుకు సిద్ధంగా ఉన్న కాస్త శక్తి. ఆక్సిజన్ అందితే ఆ ముక్కలు మైటోకాండ్రియాలో పూర్తిగా కాలిపోయి, మొత్తం 30 దాకా ఏటీపీలు వస్తాయి. అందకపోతే కండరం వాటిని లాక్టేట్‌గా మారుస్తుంది. ఈస్ట్ అయితే ఆల్కహాల్ చేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నురుగు అదే. (తీపి దండిగా ఉంటే ఈస్ట్ కొంత ఆక్సిజన్ ఉన్నా పులియబెట్టడానికే మొగ్గుతుంది.)

ఈ మార్పిడి ఎందుకు? గ్లూకోజ్‌ను ముక్కలు చేసేటప్పుడు ఊడిన హైడ్రోజన్‌ను ఎన్ఏడీ అనే అణువు మోస్తుంది. నిండిన లొట్టిని వంచితేనే మళ్లీ గెలకు కట్టగలం కదా, అట్లాగే ఆ బరువు దించితేనే ఎన్ఏడీ మళ్లీ పనికొస్తుంది. లేకుంటే ఆ రెండు ఏటీపీలూ రావు.

నాయిన చుట్టూ గాలికి కొదవ లేదు. కానీ చెట్టును బిగపట్టిన కండరాలు తమలోని సన్న రక్తనాళాలనే నొక్కేస్తాయి. కరువు అక్కడే. మంటకు ఆ క్షణాన కండరంలో పెరిగే ఆమ్లత ఒక కారణం. తెల్లారి వచ్చే నొప్పులను మాత్రం లాక్టేట్ మీదికి నెట్టడం అన్యాయం. గంట, గంటన్నరలో అది రక్తంలో మామూలు స్థాయికి వస్తుంది. గుండె దాన్ని ఇంధనంగా కాలుస్తుంది, కాలేయం మళ్లీ గ్లూకోజ్ చేస్తుంది.

గాలే పలచబడితే? మా జిల్లా కేంద్రం భువనగిరి రాతిగుట్ట మీద ఎక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. 8,848 మీటర్ల ఎత్తులోనూ గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, పీడనం మాత్రం మూడో వంతు. అక్కడ రెండేసి ఏటీపీలతో బతుకు గడవదు. అందుకే శ్వాస వేగమవుతుంది, మూత్రపిండాలు పంపే ఎరిత్రోపోయిటిన్ వల్ల వారాల మీద ఎర్రకణాలు పెరుగుతాయి. ఆక్సిజన్ తగ్గిందని కణం పసిగట్టే తీరును విప్పినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది.

ఇదంతా విని నాయిన అడిగిండు: "మరి పొద్దటి కల్లు మాపటికి పుల్లగెందుకైతది?"

గాలి లేకుండానే కొన్ని బ్యాక్టీరియా తీపిని లాక్టిక్ ఆమ్లం చేస్తాయి, నీ కండరంలా. కల్లులోని ఆల్కహాల్‌ను వెనిగర్ పులుపుగా మార్చేవి వేరు, వాటికి ఆక్సిజన్ కావాలి నాయినా, అని చెప్పిన.