కంప్యూటర్ తెరుచుకోనప్పుడు సేఫ్ మోడ్ ఆసరా

2024 జులై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ అప్‌డేట్‌ను 78 నిమిషాల్లోనే ఉపసంహరించారు. అయితే అది అప్పటికే చేరిన యంత్రాలు ఆన్ చేసిన ప్రతిసారీ అదే ఫైలును చదివి, నీలి తెర చూపి ఆగిపోయాయి. దాంతో చాలాచోట్ల సాంకేతిక సిబ్బంది ఒక్కొక్క కంప్యూటర్ దగ్గరకు వెళ్లి, సేఫ్ మోడ్‌లో దాన్ని తెరిచి, ఆ ఫైలును తొలగించవలసి వచ్చింది.

సేఫ్ మోడ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ తనకు అత్యవసరమైన డ్రైవర్లను, సర్వీసులను మాత్రమే లోడ్ చేసుకుంటుంది. వాడుకరి లాగిన్ కాగానే వాటంతటవే మొదలయ్యే స్టార్టప్ ప్రోగ్రాములు, స్క్రిప్టులు సాధారణంగా నడవవు. రోగనిర్ధారణకు ఇదే కీలకం. సేఫ్ మోడ్‌లో కంప్యూటర్ సజావుగా పనిచేస్తే, దోషం తర్వాత చేర్చిన డ్రైవర్‌లోనో, స్టార్టప్ ప్రోగ్రాములోనో ఉండవచ్చు. సేఫ్ మోడ్‌లోనూ మొరాయిస్తే హార్డ్‌వేర్‌ను అనుమానించాలి.

విండోస్ 10, 11లలో షిఫ్ట్ కీ నొక్కిపట్టి రీస్టార్ట్ ఎంచుకుంటే, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ మీదుగా స్టార్టప్ సెట్టింగ్స్‌కు చేరవచ్చు. అక్కడ 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే నెట్‌వర్క్‌తో కూడిన సేఫ్ మోడ్ వస్తాయి. డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. 2024లో అనేక కార్యాలయాల్లో పని జాప్యం కావడానికి ఈ కీ కూడా ఒక కారణం. కనుక దాన్ని ముందే వేరొక చోట భద్రపరచుకోవడం మేలు.

ఉబుంటు లినక్స్‌లో గ్రబ్ మెనూలోని రికవరీ మోడ్ ఇటువంటిదే. లాగిన్ స్క్రిప్టులో తప్పు రాసుకుని సొంత ఖాతాలోకే వెళ్లలేకపోయిన వారు (ఈ పొరపాటు అనుభవజ్ఞులకూ జరుగుతుంది) అక్కడ రూట్‌గా ప్రవేశించి స్క్రిప్టును సరిదిద్దుకోవచ్చు.

పేరులో సేఫ్ ఉన్నంత మాత్రాన ఇది వైరస్‌ల నుంచి రక్షణ కాదు. సేఫ్ మోడ్‌లో అనేక యాంటీవైరస్‌లు పనిచేయవు. స్నాచ్ అనే రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌ను బలవంతంగా సేఫ్ మోడ్‌లో రీబూట్ చేసి, ఆ తర్వాతే ఫైళ్లకు తాళం వేసేది. అందుకే మరమ్మతు పూర్తయ్యాక వెంటనే సాధారణ మోడ్‌కు రావాలి. ఎంఎస్‌కాన్ఫిగ్ ద్వారా సేఫ్ బూట్ ఎంచుకున్నవారు అక్కడి టిక్కు తీసేయాలి. లేదంటే ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా సేఫ్ మోడే వస్తుంది.