చిన్న కాలేజీలో ఎం.ఎడ్.: చేరేముందు ఒక లెక్క

బి.ఎడ్. అయిపోయింది, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నారు, పక్క పట్టణంలోని చిన్న కాలేజీలో ఎం.ఎడ్. సీటు వచ్చేలా ఉంది. చేరాలా వద్దా? ఈ సందేహం ఉన్నవారి కోసమే ఈ లెక్క. స్పెషల్ ఎడ్యుకేషన్ ఎం.ఎడ్. దారి వేరు. ఇక్కడ చెప్పేది సాధారణ ఎం.ఎడ్. గురించి. దీనికి ఎన్‌సీటీఈ, అంటే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, 2014లో నిబంధనలు పెట్టింది.

ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చా అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. కోర్సు రెండేళ్లు. ఏడాదికి 200 పనిదినాలు, వారానికి 36 గంటలు. ఆరు రోజులకు పంచితే రోజుకు 6 గంటలు, అంటే దాదాపు మీ స్కూలు వేళలే. హాజరు 80 శాతం ఉండాలి కాబట్టి ఏడాదికి 40 రోజులకు మించి మానలేరు. పగటి ఉద్యోగం వదులుకోక తప్పదు. నెలకు 15,000 రూపాయల జీతం అనుకుంటే రెండేళ్లలో పోయేది 3,60,000. ఫీజు దీనికి అదనం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు చాలామంది ఫీజు ఒక్కటే లెక్కేస్తారు.

కాలేజీ చిన్నదైతే చదువు తక్కువవుతుందా? కానక్కర్లేదు. ఏటా 50 మందిని చేర్చుకునే కాలేజీకి 10 మంది అధ్యాపకులు ఉండాలన్నది నిబంధన, అంటే రెండేళ్ల విద్యార్థులనూ కలిపితే ఒక్కొక్కరి వాటాకు పదిమంది. డిసర్టేషన్ (మీరే ఒక సమస్య ఎంచుకుని, సమాచారం సేకరించి రాసే చిన్న పరిశోధన) చేసేటప్పుడు ఆ దగ్గరితనం ఎంతో మేలు చేస్తుంది. కానీ ఆ పదిమందీ కాగితం మీదే ఉంటే? పరీక్షలు లేని ఒక మంగళవారం, పదకొండు గంటల వేళ వెళ్లి చూడండి. స్టాఫ్ రూములో ఎందరున్నారో లెక్కపెట్టండి. రాకపోయినా హాజరు వేస్తామని ఎవరైనా చెబితే వెనక్కి వచ్చేయండి. మీ జీవితంలో రెండేళ్లకు వాళ్లు కట్టిన విలువ అంతే.

అసలు ప్రశ్న ఉద్యోగం. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు బి.ఎడ్., టెట్ చాలు, ఎం.ఎడ్. అడగరు. ఎం.ఎడ్. తెరిచే ముఖ్యమైన తలుపు బి.ఎడ్. కాలేజీలో అధ్యాపక పోస్టు. అయితే దానికి ఎం.ఎడ్. ఒక్కటే సరిపోదు. గణితమో తెలుగో చరిత్రో, ఒక సబ్జెక్టులో పీజీ కూడా ఉండాలి. రెండింటిలోనూ 55 శాతం రావాలి. ఎం.ఎడ్.లో చేరడానికి బి.ఎడ్.లో 50 శాతం చాలు గనుక చాలామంది ఇక్కడే పొరబడతారు. బి.ఎస్సీ., బి.ఎడ్., ఎం.ఎడ్. చేసి, ఎం.ఎస్సీ. లేక గుమ్మం దగ్గరే ఆగిపోతారు. రిజర్వేషన్ వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంటుంది, పీజీ ఉండాలన్న షరతుకు మాత్రం ఉండదు.

పోస్టులు ఎన్ని ఉంటాయి? ఏటా 100 మందిని చేర్చుకునే బి.ఎడ్. కాలేజీకి 16 మంది అధ్యాపకులు కావాలి. అందులో వ్యాయామ విద్య, కళలకు మూడు తీసేస్తే 13. మీ చిన్న కాలేజీ నుంచి ఒక్క ఏడాది బయటికొచ్చే 50 మందికి చోటివ్వాలంటే దాదాపు నాలుగు బి.ఎడ్. కాలేజీలు పూర్తిగా ఖాళీగా ఉండాలి.

2025లో వచ్చిన ముసాయిదా నిబంధనల్లో ఏడాది ఎం.ఎడ్. ప్రతిపాదన ఉంది. అందుకే తెలంగాణలో సీపీగెట్‌కు, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్‌కు దరఖాస్తు చేసే రోజున ఆ ఏడాది నోటిఫికేషన్‌లో కోర్సు కాలం ఎంతుందో చూసుకోండి. సబ్జెక్టు పీజీ లేనివారు మాత్రం ముందు అది పూర్తిచేయండి. ఎం.ఎడ్. ఆ తర్వాత చేసినా ఆలస్యమేమీ కాదు.