నిషిద్ధ దేశానికి ప్రయాణం: చట్టం, షరీఅత్

ఫలానా దేశానికి పౌరులెవరూ వెళ్ళరాదని ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేస్తే, అక్కడ రక్తసంబంధీకులున్న కుటుంబాలకు అది తీరని ఆవేదన కలిగిస్తుంది. హైదరాబాదులోని బార్కస్ అరబ్బు కుటుంబాలకు యెమెన్ అలాంటి దేశమే. నిజాము సైన్యంలో కొలువు కోసం హజ్రమౌత్ ప్రాంతం నుండి తరలివచ్చినవారి సంతతి వారు. ముకల్లా రాజధానిగా హజ్రమౌత్‌ను ఏలిన ఖుఐతీ సుల్తానుల వంశానికి మూలపురుషుడు కూడా నిజాము కొలువులో జమాదారుగా పనిచేసినవాడే. కనుక ఈ విషయాన్ని చట్టపరంగానూ, ధర్మపరంగానూ తెలుసుకోవడం అవసరం.

2014 సెప్టెంబరులో హూతీలు యెమెన్ రాజధాని సనాను వశపరచుకున్నారు. 2015 మార్చిలో సౌదీ అరేబియా నాయకత్వాన వైమానిక దాడులు మొదలయ్యాయి. ఆ దరిమిలా 'ఆపరేషన్ రాహత్' పేరిట భారత ప్రభుత్వం 4,600 మందికి పైగా భారతీయులను, 41 దేశాలకు చెందిన 960 మంది విదేశీయులను అక్కడి నుండి తరలించింది. సనాలోని భారత రాయబార కార్యాలయం జిబూతీకి మారింది. ఆపదలో ఆదుకునే కార్యాలయమే అక్కడ లేకుండా పోయింది. చివరకు 2017 సెప్టెంబరులో, భారత పాస్‌పోర్టు కలవారెవరూ యెమెన్‌కు వెళ్ళరాదని ప్రభుత్వం నోటిఫికేషన్ వెలువరించింది.

ఈ అధికారం ప్రభుత్వానికి ఎక్కడిది? 1967 నాటి పాస్‌పోర్టుల చట్టంలోని 19వ సెక్షన్ నుండి వచ్చింది. ఒక దేశం భారత్‌పై దురాక్రమణ జరుపుతున్నా, అలా జరిపేవారికి తోడ్పడుతున్నా, అక్కడ సాయుధ పోరాటం సాగుతున్నా, అక్కడికి రాకపోకలు మన విదేశీ వ్యవహారాలకు తీవ్ర విఘాతం కలిగించేవైనా కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. అప్పుడు ఆ దేశానికి వెళ్ళడానికి గాని, దాని గుండా పోవడానికి గాని పాస్‌పోర్టు చెల్లదు. మిగిలిన దేశాలకు మాత్రం యథాప్రకారం చెల్లుతుంది. ముందు మరో దేశంలో దిగి, అక్కడి నుండి వెళితే చట్టం వర్తించదని కొందరు భావిస్తారు. ఇది అపోహ. చట్టం చూసేది ఎక్కడ బయలుదేరారన్నది కాదు, ఎక్కడికి చేరారన్నది.

అయితే ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. అధికారులు పాస్‌పోర్టుపై ప్రత్యేకంగా అనుమతి నమోదు చేస్తే ప్రయాణం చట్టబద్ధమవుతుంది. విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ స్వేచ్ఛను హరించే విధానం న్యాయంగా, సహేతుకంగా ఉండాలని 1978లో మేనకా గాంధీ కేసులో స్పష్టం చేసింది. సనా జైలులో మరణశిక్ష పడిన కూతురిని కాపాడుకోవడానికి కేరళకు చెందిన ఒక తల్లి ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, 2023 డిసెంబరులో కోర్టు ఆమె ప్రయాణానికి వీలు కల్పించింది. తన బాధ్యత మీదనే వెళుతున్నానని ఆమె హామీ ఇవ్వవలసి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఆమె యెమెన్ చేరింది. దాటిపోలేని గోడ అనుకున్నదానికి కూడా ద్వారముందని, ఆ ద్వారాన్ని తట్టి అడగాలని ఈ ఉదంతం తెలుపుతోంది.

ఇక షరీఅత్ దృష్టి. హిజ్రీ 18 ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరగా, ముందు మహమ్మారి ప్రబలిందని తెలిసింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైషు పెద్దలను సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, దేవుని ఒక నిర్ణయం నుండి ఆయన మరో నిర్ణయం వైపుకే పోతున్నామని సమాధానమిచ్చారు. మహమ్మారి ఉన్నచోటికి పోవద్దన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆ తరువాత వినిపించారు. తవక్కుల్ అంటే కళ్ళు మూసుకొని ప్రమాదంలో దూకడం కాదన్నమాట.

హజ్ వంటి మహత్తర విధికి సైతం ఫుఖహా మార్గభద్రతను షరతుగా పరిగణించారు. ఫర్జ్ విషయంలోనే ఇంతటి సడలింపు ఉండగా, బంధుదర్శనానికో విద్యార్జనకో వెళ్ళేవారు ప్రాణాలను పణంగా పెట్టడం సమంజసం కాదు. బంధుత్వ పోషణ నిస్సందేహంగా విధి. కాని శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరిపైనా మోపడు. దారి మూసుకున్నప్పుడు టెలిఫోను, ఆర్థిక సహాయం, దుఆ ద్వారా ఆ విధి కొంతయినా నెరవేరుతుంది.

దొంగదారిన వెళ్ళినవాడు చిక్కుల్లో పడితే అతనొక్కడే నష్టపోడు. అతనిపై ఆధారపడిన భార్యాబిడ్డలు, వృద్ధ తల్లిదండ్రులు వీధిన పడతారు. పాస్‌పోర్టు స్వాధీనమైతే గల్ఫ్ ఉపాధి కూడా పోతుంది. కనుక తప్పనిసరి కారణం ఉన్నవారు కారణాన్ని, వ్యవధిని, చిరునామాను దాచకుండా దరఖాస్తులో తెలిపి అనుమతి కోరాలి. నిరాకరిస్తే న్యాయస్థానం ఉంది. పౌరుని ప్రాణరక్షణ కోసం నిషేధం విధించే హక్కు పాలకులకు ఉంటే, మరణశయ్యపై ఉన్న తల్లిని చూడగోరే కొడుకు మొరను సకాలంలో ఆలకించే బాధ్యత కూడా వారిదే. ఆ బాధ్యతను విస్మరించిన నిషేధం రక్షణ అనిపించుకోదు.