ఇంటర్నల్సే కదా అనుకోవద్దు

ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు కవిత రాద్దామా, అనుభవాలు రాద్దామా అని ఆలోచించాం. చివరకు, మాకు ముందే తెలిసి ఉంటే ఒక సంవత్సరం మిగిలేది కదా అనిపించే విషయం రాస్తున్నాం. అది కాలేజీలో మార్కులు లెక్కగట్టే పద్ధతి. మేము అంటే ఈ హాస్టల్‌లో ఒకే గదిలో ఉండి డిగ్రీ చదివిన నలుగురం.

పాత లెక్క - కొత్త లెక్క

మా నలుగురి ఇండ్లలోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. నాయన పనికోసం పూణెకో, బొంబాయికో పోయేవాడు. అమ్మ పత్తి ఏరడానికి పోయేది. కాలేజీ సంగతులు అడగాలంటే మాకు దిక్కు పెద్దన్నలే. వాళ్ళు ప్రేమతోనే చెప్పారు: "ఏడాదంత ఏం గాదు, మార్చిల నెల రోజులు గట్టిగ కూసుంటే పాసైతవ్."

వాళ్ళ కాలానికి ఆ మాట నిజమే. అప్పుడు డిగ్రీలో ఏడాదికి ఒకసారే పరీక్ష. కానీ 2016-17 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణలో డిగ్రీకి సెమిస్టర్ విధానం, దానితోపాటు సీబీసీఎస్ అనే క్రెడిట్ల పద్ధతి వచ్చాయి. ఒకప్పుడు ఉస్మానియా కింద ఉన్న మన జిల్లా కాలేజీలు 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం కిందకు వచ్చాయి. విశ్వవిద్యాలయం మారింది, పరీక్ష మారింది. హాస్టల్ గదుల్లో చెప్పుకునే సలహా మాత్రం మారలేదు. మాకు దెబ్బ అక్కడే తగిలింది.

కొత్త పద్ధతిలో ఒక పేపర్‌కు 100 మార్కులనుకుంటే, డిగ్రీలో సాధారణంగా 80 మార్కులు సెమిస్టర్ చివరి పరీక్షకు, 20 మార్కులు ఇంటర్నల్స్‌కు ఉంటాయి. కోర్సును బట్టి ఇది 70-30 కూడా కావచ్చు. ఇంటర్నల్స్ అంటే కాలేజీలోనే పెట్టే చిన్న పరీక్షలు, ఇంటి దగ్గర రాసుకొచ్చే అసైన్‌మెంట్లు. మూడు గంటల ఒక్క పరీక్షతోనే విద్యార్థిని కొలవకూడదు, సెమిస్టర్ పొడవునా చేసిన పనికి కూడా విలువ ఉండాలి అనేది దీని వెనక ఉన్న ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ తెలియనివాడికి అదే గుంత అవుతుంది.

ఒక్క మార్కు కథ

మాలో ఒకడికి ఐదో సెమిస్టర్‌లో జరిగింది చెబుతాం. మొదటి ఇంటర్నల్ పరీక్షలో 15కు 6 వచ్చాయి. రెండోదాని రోజుల్లో పత్తి పనికి ఇంటికి పోయాడు. "ఇంటర్నల్సే కదా" అనుకున్నాడు. ఆబ్సెంట్ పడింది, అంటే సున్నా. రెండింటి సగటు 3. అసైన్‌మెంట్‌కు 5 మార్కులుండేవి, అది ఇవ్వనే లేదు. చివరి పరీక్ష మాత్రం రాత్రులు మేల్కొని చదివి రాశాడు. 80కి 36 వచ్చాయి.

36కు 3 కలిపితే 39. పాస్ మార్కులు 40.

రెండు పేజీల అసైన్‌మెంట్ రాసి ఇచ్చి ఉంటే ఆ ఒక్క మార్కు వచ్చేది. తప్పిన పేపర్ మళ్ళీ రాయొచ్చు కానీ ఇంటర్నల్ మళ్ళీ పెట్టరని, పాత 3 మార్కులే వెంట వస్తాయని అప్పుడు తెలిసింది. ఆ పేపర్ రాసి ఫలితం వచ్చేసరికి పీజీ కౌన్సెలింగ్ అయిపోయింది. ముగ్గురం పీజీలో చేరాం. నాలుగోవాడు ఒక సంవత్సరం ఎరువుల దుకాణంలో పనిచేసి, మరుసటి ఏడాది చేరాడు. ఆ నాలుగోవాడే ఇప్పుడు మా అందరి తరఫున ఈ వ్యాసం రాస్తున్నాడు.

లెక్క ఒకసారి తిప్పి చూడండి. ఇంటర్నల్స్‌లో 16 వచ్చినవాడికి 40 చేరడానికి చివరి పరీక్షలో ఇంకా 24 కావాలి. సున్నా వచ్చినవాడికి 80కి 40 కావాలి. అయితే కొన్నిచోట్ల చివరి పరీక్షలో విడిగా 40 శాతం, అంటే 32 రావాలనే నిబంధన ఉంటుంది. మీ కాలేజీలో ఏది వర్తిస్తుందో మొదటి నెలలోనే అడిగి తెలుసుకోండి.

క్రెడిట్ అంటే ఏమిటి?

వారానికి ఒక గంట పాఠం సెమిస్టర్ అంతా సాగితే ఒక క్రెడిట్. ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. యూజీసీ పది పాయింట్ల పద్ధతిలో ‘ఓ’ గ్రేడుకు 10, ‘ఏ ప్లస్’కు 9, ‘ఏ’కు 8, ‘బీ ప్లస్’కు 7, ‘బీ’కి 6, ‘సీ’కి 5, ‘పీ’కి 4 పాయింట్లు. ఫెయిలైనా, పరీక్షకు రాకపోయినా సున్నా.

ఒక సెమిస్టర్‌లో నాలుగు పేపర్లున్నాయనుకుందాం. 5 క్రెడిట్ల పేపర్లో 8 పాయింట్లు, ఇంకో 5 క్రెడిట్ల పేపర్లో 6, 4 క్రెడిట్ల పేపర్లో 7, 2 క్రెడిట్ల పేపర్లో 10. క్రెడిట్లను పాయింట్లతో గుణిస్తే 40, 30, 28, 20. మొత్తం 118. దీన్ని 16 క్రెడిట్లతో భాగిస్తే 7.38. అదే ఎస్‌జీపీఏ. ఇందులో 5 క్రెడిట్ల పేపర్లో ఒక గ్రేడు పెంచుకుంటే సగటు 0.31 పెరుగుతుంది. 2 క్రెడిట్ల పేపర్లో ఒక గ్రేడు తేడా వస్తే 0.13 లోపే. కాబట్టి చదివే సమయాన్ని పంచుకునేటప్పుడు క్రెడిట్లు చూసి పంచుకోవాలి.

హాజరు మార్కు కాదు, కానీ...

75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. 65కు, 75కు మధ్య ఉన్నవారికి ఆరోగ్య కారణాల మీద, రుసుము కట్టించుకుని మినహాయింపు ఇచ్చే పద్ధతి చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. కానీ స్కాలర్‌షిప్‌కు కూడా ఆ 75 శాతమే కావాలి. మనలాంటివాళ్ళకు ఫీజు, మెస్ రెండూ దానిమీదే నడుస్తాయి. ఇంటి దగ్గర పని పడితే పోక తప్పదు. పోయేముందు ఇంటర్నల్ తేదీ చూసుకోండి. తప్పనిసరైతే సార్‌కు ముందే చెప్పండి. ముందు చెప్పినవాడి మాట వినే సార్లు ఉన్నారు. అయిపోయాక చెబితే వారి చేతిలోనూ ఏమీ ఉండదు.

అదనపు మార్కులు ఉంటాయా?

అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న అన్నలు చెప్పే మాట ఒకటుంది. అక్కడ మొదటి క్లాసులోనే ప్రొఫెసర్ ఒక కాగితం ఇస్తారట. హోంవర్క్‌కు ఎంత శాతం, మధ్యలో పరీక్షకు ఎంత, చివరి పరీక్షకు ఎంత, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, అదనపు పని చేస్తే ఎంత కలుపుతారు అన్నీ అందులో ఉంటాయి. మన దగ్గరా ఈ నిబంధనలు రాసే ఉంటాయి. విశ్వవిద్యాలయ నిబంధనల్లో, సిలబస్ పుస్తకం మొదటి పేజీల్లో ఉంటాయి. మనం తిప్పి చూడకుండా నేరుగా మొదటి యూనిట్‌కు పోతాం.

సార్ దయతలచి కలిపే అదనపు మార్కులు మన దగ్గర లేవు. కానీ అదనంగా సంపాదించుకునే దారులున్నాయి. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరినవారు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు సేవ చేసి, 7 రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొంటే సర్టిఫికెట్ వస్తుంది. 2017లో ప్రారంభమైన ‘స్వయం’లో కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము కట్టి పరీక్ష రాయాలి. అందులోని ఎన్‌పీటెల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. పన్నెండు వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లకు మంచివి 8 లెక్కలోకి తీసుకుంటారు. గడువు దాటితే తీసుకోరు. విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే 40 శాతం వరకు క్రెడిట్లు ఇలా తెచ్చుకోవచ్చని 2021లో యూజీసీ నిబంధన పెట్టింది. అయితే ఏ కోర్సును మీ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో చేరకముందే కనుక్కోండి.

అన్యాయం జరిగిందనిపిస్తే

మార్కులు తక్కువ వేశారని హాస్టల్‌కు వచ్చి బాధపడితే లాభం లేదు. రీకౌంటింగ్‌కు, రీవాల్యుయేషన్‌కు ఫలితాల తర్వాత కొన్ని రోజులే గడువుంటుంది. దిద్దిన జవాబు పత్రం కూడా సమాచార హక్కు చట్టం కింద సమాచారమేనని, రాసిన విద్యార్థి దాన్ని చూడవచ్చని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది మన హక్కు.

మొదటి వారంలో అడగవలసినవి

ఇంటర్నల్స్‌కు ఎన్ని మార్కులు? పరీక్షలెన్ని, సగటు తీస్తారా, మంచిది తీసుకుంటారా? రాలేకపోతే మళ్ళీ పెడతారా? అసైన్‌మెంట్ గడువు ఎప్పుడు? పాస్ కావడానికి విడిగా ఎంత, కలిపి ఎంత? ఎన్ని పేపర్లు తప్పితే పై సంవత్సరానికి పంపరు? ఈ ప్రశ్నల జవాబులు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు ఒక జిరాక్స్ తీసి పెట్టుకోండి, రిజిస్టర్‌లో సంతకం చేయండి.

చదువుకున్న ఇండ్లలో ఈ విషయాలు అన్నం తినేటప్పుడే పిల్లల చెవిన పడతాయి. మన ఇండ్లలో చెప్పేవారు లేరు. అది మన తప్పు కాదు, మన అమ్మానాయనల తప్పు అంతకంటే కాదు. కానీ ఈ హాస్టల్‌లో ఒకరి వెనక ఒకరం వస్తున్నాం. పెద్దన్నలకు మా మనవి ఒక్కటే: వచ్చే జూన్‌లో డిగ్రీకి పోయే తమ్ముళ్ళను ఒక సాయంత్రం కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పండి. తమ్ముళ్ళూ, మీరు నేర్చుకుని మీ తర్వాతివాళ్ళకు చెప్పండి. మాకు 39 దగ్గర ఆగిన మార్కు మీకెవ్వరికీ ఆగకూడదు.