కుబుసం విడిచిన పాము

విమర్శకులు నెత్తిన పెట్టుకున్న 'మెటల్ గేర్ సాలిడ్ 2' అభిమానులకు మాత్రం కోపం తెప్పించింది. ఆ కోపానికి కారణమైన అంశాలే తర్వాత దాని ఘనతగా మారాయి

హిట్టయిన సినిమాకు రెండో భాగం తీసి, అరగంట కాగానే హీరోను తప్పించి, మిగతా కథంతా ఎవరికీ తెలియని కుర్రాడితో నడిపిస్తే ఏమవుతుంది? హాల్లో కుర్చీలు విరుగుతాయి. 2001 నవంబర్‌లో జపాన్‌కు చెందిన హిడియో కొజిమా దాదాపు ఆ పనే చేశారు. కాకపోతే అది సినిమా కాదు, వీడియో గేమ్. పేరు 'మెటల్ గేర్ సాలిడ్ 2: సన్స్ ఆఫ్ లిబర్టీ'. సమీక్షలను క్రోడీకరించే మెటాక్రిటిక్ లెక్క ప్రకారం విమర్శకులు దానికి వేసిన సగటు మార్కులు నూటికి 96. అభిమానుల్లో చాలామంది నుంచి దక్కినవి తిట్లు.

ఈ వరుస ఆటల పుట్టుకే విచిత్రం. 1987లో కొనామీ సంస్థ కోసం కొజిమా తొలి 'మెటల్ గేర్'ను ఎంఎస్ఎక్స్2 కంప్యూటర్ మీద రూపొందించారు. తెర మీద ఒకేసారి ఎక్కువమంది శత్రువులను, తూటాలను చూపే శక్తి ఆ యంత్రానికి లేదు. యుద్ధం చూపలేనప్పుడు తప్పించుకోవడాన్నే ఆటగా మార్చితే సరి అనుకున్నారు కొజిమా. శత్రువు కంటపడకుండా పని చక్కబెట్టుకునే 'స్టెల్త్ యాక్షన్' ఆటలకు అదొక పునాది. 1998లో ప్లేస్టేషన్ మీద వచ్చిన 'మెటల్ గేర్ సాలిడ్' ఆ తరహాను ఇంటింటికీ చేర్చింది. బొంగురు గొంతుతో మాట్లాడే గూఢచారి సాలిడ్ స్నేక్ స్టార్ అయిపోయాడు.

అందుకే రెండో భాగం మీద ఆశలు ఆకాశాన్నంటాయి. 2000లో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో ట్రైలర్ చూసినవారు నోరెళ్లబెట్టారు. మరుసటి ఏడాది 'జోన్ ఆఫ్ ది ఎండర్స్' అనే వేరే ఆటతో పాటు దీని నమూనా డిస్క్ ఇస్తే, దాని కోసమే ఆ ఆటను కొన్నవారు ఎందరో.

విమర్శకుల మెప్పు ఊరికే రాలేదు. ప్లేస్టేషన్ 2 సత్తా ఏమిటో ఇందులో కనిపించింది. నౌకలోని బార్‌లో సీసాలు ఒక్కొక్కటిగా పగులుతాయి. కింద పడిన ఐసు ముక్కలు కరిగిపోతాయి. ఒక కాపలాదారుకు అనుమానం వస్తే రేడియోలో మిగతావారిని పిలుస్తాడు. ముందే గురిచూసి ఆ రేడియోను పగలగొడితే ఆ పిలుపు వెళ్లదు. మత్తు తూటాలతో ఎవరినీ చంపకుండానే ఆట పూర్తి చేయొచ్చు. ఆటలో ఇంత పట్టింపు అప్పటికి అరుదు.

చిక్కంతా నౌక ఘట్టం ముగిశాక మొదలైంది. కథ రెండేళ్లు ముందుకు జరిగి, న్యూయార్క్ తీరానికి దూరంగా సముద్రం మీదున్న శుద్ధి కేంద్రానికి మారుతుంది. అక్కడ ఆటగాడి చేతికి దొరికేది స్నేక్ కాదు, రైడెన్ అనే కొత్త కుర్రాడు. ఈ మార్పు బయటపడకుండా, రైడెన్ ఉండాల్సిన సన్నివేశాల్లో ట్రైలర్లు స్నేక్‌నే చూపించాయి. మోసపోయామని అభిమానులు మండిపడ్డారు. దానికి తోడు ముగింపు కొరుకుడుపడలేదు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, ఒక భారీ యుద్ధయంత్రం మన్‌హటన్‌ను ఢీకొట్టే దృశ్యాన్ని తొలగించడంతో కథలో అతుకు కూడా తెలిసిపోయింది. సంభాషణలు సాగదీశారన్న ఫిర్యాదులోనూ నిజం ఉంది.

అయితే ఆ గందరగోళంలో ఒక పథకం ఉంది. రైడెన్ ఎదుర్కొన్న ఘటనలన్నీ తొలి ఆటలోని స్నేక్ సాహసాలకు నకలుగా ఒక రహస్య ముఠా ఆడించిన నాటకమని చివర్లో తేలుతుంది. పాత ఆటే మళ్లీ కావాలన్న ఆటగాడికి పాత ఆటనే ఉచ్చుగా వేశారన్నమాట. మధ్యలో ఆటగాడు నమోదు చేసిన సొంత పేరే చివరకు రైడెన్ మెడలోని బిళ్ల మీద కనిపిస్తుంది. దాన్ని అతడు తెంపి విసిరేస్తాడు.

అంతకన్నా గట్టి దెబ్బ కల్నల్‌ది. మొదటి నుంచి రేడియోలో ఆదేశాలిచ్చిన ఆ పెద్దమనిషి అసలు మనిషే కాదు, కృత్రిమ మేధ. పనికిరాని సమాచారం చెరిగిపోకుండా పోగుపడుతోందనీ, ఎవరికి నచ్చిన నిజాన్ని వారు పట్టుకుని తమ గుంపులోనే తలుపులేసుకుంటున్నారనీ, కాబట్టి ఏది మిగలాలో తామే నిర్ణయిస్తామనీ అది వాదిస్తుంది. 2001లో ఇది చాలామందికి పిచ్చిప్రేలాపనలా తోచింది. ఫేస్‌బుక్ వచ్చింది 2004లో, యూట్యూబ్ 2005లో, ట్విటర్ 2006లో. ఆ తర్వాత తప్పుడు వార్తల వరద చూసిన విమర్శకులు ఈ ఆటను మళ్లీ తెరిచారు. ఈసారి వారు మెచ్చుకున్నది ఐసు ముక్కలను కాదు, కల్నల్ మాటలను.

రైడెన్‌కూ మంచిరోజులు వచ్చాయి. 2008లో నాలుగో భాగంలో కత్తి పట్టిన వీరుడిగా తిరిగొచ్చి, 2013లో 'మెటల్ గేర్ రైజింగ్'కు ఏకంగా హీరో అయ్యాడు. కొజిమా 2015లో కొనామీని వీడారు. ఆయన లేకుండానే ఆ సంస్థ 2025లో ఒక పాత భాగాన్ని కొత్త హంగులతో మళ్లీ తయారు చేసింది. అయితే అందుకు ఎంచుకున్నది రెండోదాన్ని కాదు, అభిమానులు ఏ పేచీ లేకుండా ప్రేమించిన మూడోదాన్ని.