కృత్తిక, రోహిణి అక్కచెల్లెళ్లేనా?

దక్షుడి కూతుళ్లు ఇరవై ఏడుగురూ చంద్రుణ్ణి పెళ్లాడారనీ, వాళ్లలో రోహిణి అంటేనే ఆయనకు ముద్దనీ మనందరం విన్న కథే. మరి నిజంగా ఆకాశంలో వీళ్ల చుట్టరికం ఎంత?

మాఘమాసంలో వెన్నెల లేని రోజు రాత్రి ఎనిమిదింటికి మా చాగలమర్రిలో, హైవే లైట్లు పడని మిద్దె ఎక్కితే చాలు. నడినెత్తికి కాస్త పడమరగా కృత్తికలు ముత్యాల గుత్తిలా కనిపిస్తాయి. పక్కనే ఎర్రటి రోహిణి, దాన్ని ఆనుకుని ఓ నక్షత్రాల గుంపు. దూరంగా తూర్పున, పుష్యమి దగ్గర పొగమరకలాంటి ఇంకో గుంపు. చూపుకి మొదటి రెండూ తోబుట్టువులు, మూడోది పరాయిది!

మనం పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఊరు, వయసు, వంశం, నడవడి అడుగుతాం కదా. ఖగోళశాస్త్రజ్ఞులూ అంతే. ఎంత దూరం, ఎన్నేళ్లు, ఏ మూలకాలు, ఎటువైపు నడక అని ఆరా తీస్తారు.

ఈ నడక తెలియాలంటే పాత కొలతలు కావాలి. హైదరాబాదులో 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు ఫొటో పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచిపెట్టారు. అలాంటి పాత లెక్కలను ఉపగ్రహం కొలతలతో పోల్చి, 2000లో పాతిక లక్షల నక్షత్రాల కదలికల పట్టిక తయారుచేశారు. 2013లో ఐరోపావాళ్లు పంపిన గయా ఉపగ్రహం 2025 జనవరి వరకూ ఇదే పని మరింత సూక్ష్మంగా చేసింది.

ఇక జవాబు వినండి. కృత్తికలు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరం, వయసు పది పన్నెండు కోట్ల ఏళ్లు. రోహిణి పక్క గుంపు 150 కాంతి సంవత్సరాలు, వయసు 65 కోట్ల ఏళ్లు. అంటే ఇరుగుపొరుగే తప్ప తోబుట్టువులు కారు. రోహిణి నక్షత్రం 65 కాంతి సంవత్సరాల దగ్గరే ఉంది, అది ఆ గుంపులోదే కాదు!

పరాయిదనుకున్న పుష్యమి గుంపు 600 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, రోహిణి గుంపుతో వయసు కలిసింది, నడక కలిసింది. రెండింట్లోనూ ఇనుము సూర్యుడిలో కన్నా ఎక్కువే. ఒకే మేఘంలో పుట్టాయేమోనని ఎప్పట్నుంచో అనుమానం. అయితే పాలపుంత లాగుడుకి వేర్వేరు చోట్ల పుట్టినవీ ఒకే దారిన పడతాయి. అందుకే నడక ఒక్కటీ చూసి తీర్పు చెప్పరు.

పక్కపక్కన కనబడ్డారని మాట అంటగట్టే ఊళ్లలో బతికే మనకు ఈ ఓపిక నేర్చుకోదగ్గదే అనిపిస్తుంది నాకు. ఈసారి పిల్లలకు కథ చెప్పాక, మిద్దె ఎక్కించి ఈ లెక్కా చెప్పండి.