అందరికీ టైము చెప్పే గడియారం

పిల్లలూ! పూండిలో మధ్యాహ్నం ఎప్పుడవుతుంది? "పన్నెండు గంటలకు" అని మీరు వెంటనే చెబుతారు. కాని సూర్యుడి లెక్క వేరు. మన దేశంలోని గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తవి. పూండి ఆ రేఖకు ఇంచుమించు రెండు డిగ్రీలు తూర్పుగా ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది. అందుచేత ఆ రేఖ మీది ఊళ్ళకంటే సుమారు ఏడున్నర నిమిషాలు ముందుగానే పూండిలో సూర్యుడు నడిమింటికి వస్తాడు.

పూర్వం ఏ ఊరి టైము ఆ ఊరిదే. రైళ్ళు వచ్చాక అది కుదరలేదు. మద్రాసులో 1792లో కట్టిన నక్షత్రశాల నుంచి తంతి ద్వారా రోజూ స్టేషన్లకు టైము పంపేవారు. తరువాత 1906 జనవరి 1 నుంచి, గ్రీనిచ్ కాలానికి 5½ గంటలు ముందుండే భారత ప్రామాణిక కాలం వచ్చింది.

మరి ఇప్పుడు టైము పంపేదెవరు? న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడ సీసియం పరమాణు గడియారాలున్నవి. సీసియం పరమాణువు నుంచి వెలువడే ఒక రకపు తరంగాలు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగితే ఒక సెకను. ఈ టైమును ఇంటర్నెట్టు ద్వారా అడిగిన వారికల్లా చెప్పే కంప్యూటరును "టైము సర్వరు" అంటారు.

అయితే ఒక చిక్కున్నది. జవాబు దారిలో ఉండగానే టైము గడిచిపోతుంది గదా! దీనికి ఉపాయాన్ని 1985లో డేవిడ్ మిల్స్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతిగా కూర్చాడు. అదేమిటో చూడండి.

మీ గడియారంలో సరిగా 10 గంటలకు తమ్ముణ్ణి స్టేషనుకు పంపారనుకోండి. వాడు అక్కడి గడియారం చూచి, వెంటనే వెనక్కు తిరిగి, "10.15 అయింది" అని చెప్పాడు. అప్పుడు మీ గడియారంలో 10.20. రాకపోకలకు 20 నిమిషాలు. అందులో సగం 10. అంటే వాడు స్టేషనులో చూచినప్పుడు మీ గడియారంలో 10.10. కనుక మీ గడియారం 5 నిమిషాలు వెనకబడి ఉన్నది!

కాని తమ్ముడు వచ్చేదారిలో గోలీసోడా తాగుతూ 10 నిమిషాలు నిలబడితే? 10.30కి ఇంటికి వస్తాడు. 30లో సగం 15. "నా గడియారం సరిగ్గా ఉన్నది" అని మీరు మోసపోతారు! అందుకే మంచి సర్వరు ఒక్కరి మాట నమ్మదు. కనీసం నాలుగు చోట్ల అడుగుతుంది. త్వరగా వచ్చిన జవాబుకు ఎక్కువ విలువ ఇస్తుంది. మిగిలిన వాటితో పొసగని దాన్ని వదిలేస్తుంది.

ఇటువంటి సర్వరును మీరూ పెట్టవచ్చు. ప్రపంచమంతటా ఎందరో ఉచితంగా నడుపుతున్నారు. 2003 నుంచి వారికొక ఉమ్మడి జాబితా ఉన్నది. అందులో చేరే కంప్యూటరు రాత్రింబవళ్ళు పనిచేయాలి, దాని చిరునామా మారకూడదు. టైము తప్పితే జాబితా నుంచి తీసేస్తారు. అది తన మెట్టు కూడా నిజంగా చెప్పాలి: పరమాణు గడియారాన్ని నేరుగా చూచేది ఒకటో మెట్టు, దాన్ని అడిగేది రెండో మెట్టు, ఇలా.

అడిగేవారికీ మర్యాద ఉండాలి. 2003లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు టైము సర్వరు మీదికి లక్షల కొద్దీ ప్రశ్నలు వచ్చి పడినవి. కారణమేమిటి? ఇళ్ళలో వాడే ఒక రకం పరికరాలలో ఆ ఒక్క సర్వరు చిరునామానే రాసి ఉంచారు. పైగా జవాబు రాకపోతే సెకనుకొకసారి అడగమన్నారు!

ఇంత శ్రమ ఎందుకంటారా? స్లీపరు తరగతి తత్కాల్ టిక్కెట్లు ఇవ్వటం ఉదయం 11 గంటలకు మొదలవుతుంది. మద్రాసుకో హైదరాబాదుకో పనికి పోయే ఉద్దానం మనిషి గడియారం రెండు నిమిషాలు వెనకబడితే, అతను అడిగేసరికి టిక్కెట్లు అయిపోవచ్చు. సరైన టైము అందరికీ ఒక్కటిగా అందితేనే అందరికీ న్యాయం.

ఈ ఆదివారం తమ్ముణ్ణో చెల్లెల్నో స్టేషనుకు పంపి, పైన చెప్పిన లెక్క కట్టి చూడండి. దారిలో మాత్రం గోలీసోడా తాగవద్దని చెప్పండి!